ఎర్ర టేపు చుట్టిన గొట్టం

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఎర్రపెన్సిల్ తన భార్య నోట వినాలని ఆశపడింది ఒకే ఒక్క వాక్యం. పెద్దదేమీ కాదు, మూడే మూడు మాటలు: "మీరు చెప్పిందే రైటండీ."

ఆవిడ ఎప్పుడూ అనలేదా అంటే, అంది. రెండుసార్లు. మొదటిసారి, వాన వచ్చేట్టుందని ఆయన అన్నప్పుడు. అప్పటికే ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. రెండోసారి నిద్రలో. ఆ నిద్రలో ఎదురుగా ఎవరున్నారో ఆయన అడగలేదు. అడిగితే ఉన్న ఒక్క ఆధారమూ పోతుందని భయం.

ఎర్రపెన్సిల్ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఇరవై రెండేళ్ళుగా ఊరందరి తప్పులూ పట్టుకుని జీతం తెచ్చుకుంటున్నాడు. అంత నిక్కచ్చి మనిషి ఇంటి గడప దాటి లోపలికి రాగానే వాక్యానికి రెండు తప్పులు ఎలా మాట్లాడతాడో ఆయనకే అంతుబట్టేది కాదు. వాటిని పట్టుకోవడానికి ఆవిడకు పెన్సిలు కూడా అక్కర్లేదు. ఎడమ కనుబొమ్మ చాలు.

ఆవిడ పళ్ళాసుపత్రిలో నర్సు. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో రోజంతా మాట్లాడటం అలవాటైన మనిషి. కాబట్టి ఎదుటివాడు తిరిగి జవాబు చెప్పకపోవడం ఆవిడకు లోకసహజంగానే తోచేది.

ఆ ఇంట్లో వంట ఆవిడది, గిన్నెలు ఆయనవి. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి పగలంతా పోగైన గిన్నెలు తోమితే గాని ఆవిడ రాత్రి వంట మొదలుపెట్టదు. మూడో మనిషి ఆవిడ తండ్రి. రైలింజను నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన చేసే పని, ఇద్దరిలో ఎవరు గెలుస్తున్నారో చూడటం. ఫలితం ముందే తెలిసినా ఒక్కరోజు కూడా ఆట మానుకోలేదు పెద్దాయన.

ఎర్రపెన్సిల్ తోమిన ప్లేటును ఆవిడ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఎక్స్‌రే చూసినట్టు చూసేది. తరవాత ఒకచోట వేలు పెట్టేది. "ఇక్కడ."

ఆ "ఇక్కడ" ఆయన కలల్లోకి వచ్చేది.

అందుకే గిన్నెలు తోమే మిషను కొన్నాడు. ఎంత చెడ్డా ఆవిడ మిషను మీద వేలు పెట్టదుగదా అనుకున్నాడు.

*

మిషను ఆదివారం పొద్దున్నే వచ్చింది. తెచ్చినవాళ్ళు దాన్ని సింకు పక్కన నిలబెట్టి, అరవై నాలుగు పేజీల పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, నీళ్ళ కనెక్షను మీరు పెట్టించుకోవాలని చెప్పి వెళ్ళిపోయారు.

ఎర్రపెన్సిల్ ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి పదకొండు అచ్చుతప్పులు దిద్దాడు. పంతొమ్మిదో పేజీలో మాత్రం ఆయన పెన్సిలు ఆగిపోయింది. అక్కడ ఇలా ఉంది: 'ఈ యంత్రమును చల్లని నీటి సరఫరాకు గాని, వేడి నీటి సరఫరాకు గాని కలుపవచ్చును.'

ఒక్క తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు. తప్పుంటే దిద్దేవాడు. ఇప్పుడు ఏదో ఒకటి నిర్ణయించాలి.

"వేడినీళ్ళకి కలిపేద్దాం," అన్నాడు.

"చన్నీళ్ళకి కలపండి," అంది ఆవిడ, డ్యూటీకి వెళ్ళడానికి జడ వేసుకుంటూ.

"కారణం?"

"ముందు మీ కారణం చెప్పండి."

"ఎలాగూ అది నీళ్ళు కాచుకోవాలి. కాగిన నీళ్ళే మనం ఇచ్చేశామనుకో, దానికి సగం పని తగ్గుతుంది. తొందరగా అయిపోతుంది."

"తొందరగా అయిపోయి అదెక్కడికి వెళ్ళాలి?"

మావగారు పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీని వంటింటి వైపు తిప్పుకున్నాడు.

"చూడండి," అంది ఆవిడ. "ఆసుపత్రిలో పనిముట్లు ముందు చన్నీళ్ళలోనే జాడిస్తాం. మొదటే వేడినీళ్ళు పోస్తే రక్తం ఉడికిపోయి పట్టేసుకుంటుంది. ఆ తరవాత తాతలు దిగొచ్చినా వదలదు. కోడిగుడ్డయినా అంతే, పాలయినా అంతే. చన్నీళ్ళతో మొదలుపెట్టి మెల్లిగా వేడి చెయ్యాలి. మిషనుకి ఆ సంగతి తెలుసు. మీరు దానికి చదువు చెప్పకండి."

నిజం చెప్పాలంటే ఎర్రపెన్సిల్ ఆ మాటతో లోపల ఒప్పేసుకున్నాడు. ప్రమాదమంతా అక్కడే వచ్చింది. మనసు లోపల ఒప్పుకున్న క్షణంలోనే నోటికి పౌరుషం పుట్టుకొస్తుంది. ఓడిపోయామన్న వార్త ఇంకా బయటికి పొక్కలేదు, ఈలోగా గట్టిగా అరిస్తే పొక్కకుండా ఆపవచ్చని ఆ నోటికి ఒక పిచ్చి నమ్మకం.

"మనం తినేది రక్తం కాదు," అన్నాడు.

"గుడ్లు తింటాంగా."

"రోజూ తినం."

"ఇందాకే తిన్నారు. మీసం మీద ఉంది."

ఆయన మీసం తుడుచుకునే లోపల ఆవిడ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో ఆయన వాషర్ మేస్త్రిని పిలిపించాడు. ఆ పేటలో కుళాయిలు బాగుచేసే మేస్త్రి అతనే. కుళాయి కారినా, గొట్టం పగిలినా, గోడ చెమ్మగిల్లినా అతను చెప్పేది ఒకటే: "వాషర్ పోయింది." ఒకసారి మోకాలు నొప్పి చేసి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా అదే చెప్పాడట.

"సారూ, అందరిళ్ళలోనూ చన్నీళ్ళకే పెడతామండి," అన్నాడు మేస్త్రి, సింకు కింద తల దూర్చి.

"అందరూ పుస్తకం చదివారా?"

"నేనే చదవలేదండి."

"నేను చదివాను. వేడికి పెట్టు."

సింకు కింద రెండు గొట్టాలు కవల పిల్లల్లా పక్కపక్కనే ఉన్నాయి. వేడిది వెనకవైపు స్నానాలగది గీజరు నుంచి హాలు గోడ వెంబడి నడిచి, గుమ్మం మీదుగా ఎక్కి దిగి వస్తుంది. ముందు ముందు ఎవరూ పొరపాటు పడకుండా ఎర్రపెన్సిల్ స్వయంగా ఒంగి, వేడి గొట్టానికి ఎర్ర టేపు మూడు చుట్లు చుట్టాడు. "ఎర్రది వేడి," అన్నాడు మేస్త్రితో. "ఇక దీన్ని మార్చే పని లేదు."

"మీ ఇష్టమండి," అన్నాడు మేస్త్రి. ఆ మాట అతను అన్న తీరు ఎర్రపెన్సిల్‌కు నచ్చలేదు. అచ్చం కనుబొమ్మ ఎత్తినట్టే ఉంది.

*

సాయంత్రం ఆరున్నరకు, పొద్దుటి గుడ్ల ప్లేట్లతో సహా రోజంతటి గిన్నెలూ మిషనులో సర్దాడు. వేడినీళ్ళు వస్తున్నాయో లేదో చూద్దామని సింకు కుళాయి తిప్పి అయిదు నిమిషాలు చెయ్యి పెట్టుకున్నాడు. బ్రహ్మాండంగా వస్తున్నాయి. మీట నొక్కాడు. మిషను టక్కుమంది. ఒక క్షణం ఆలోచించుకుంది. తరవాత గడగడమంటూ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది.

అదే సమయంలో ఇంటి వెనక నుంచి ఇంజను కూత వినిపించింది.

మావగారి స్నానం ఆరూ ముప్పై రెండుకి. ముప్పై రెండేళ్ళ ఉద్యోగం నేర్పిన కచ్చితం అది. గీజరు చిన్నది. అందులో ఉన్న కాసిని నీళ్ళూ ముందు కుళాయి పరీక్షకీ, ఆ తరవాత మిషను దాహానికీ సరిపోయాయి. తలనిండా సబ్బు నురగ, నడుముకి తువ్వాలు, మూసుకున్న కళ్ళు. పెద్దాయన ఒక చెయ్యి గోడ మీద పెట్టి, సిగ్నలు కనబడని స్టేషనులోకి వచ్చే బండిలా హాల్లోకి వచ్చి ఆగాడు.

"అల్లుడుగారూ! నీళ్ళేమయ్యాయి?"

"మిషను తాగిందండీ, మావయ్యగారూ."

"మొత్తం తాగేసిందా?"

"కొత్తది కదండీ..."

"ముప్పై రెండేళ్ళు బండి నడిపానయ్యా. నీళ్ళు లేకుండా నన్ను మధ్యదారిలో ఆపిన మొనగాడివి నువ్వొక్కడివే!" మావగారు మీరు నుంచి నువ్వులోకి దిగింది పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. ఆవిడ లోపలికి వచ్చి నురగలో ఉన్న తండ్రిని చూసింది. చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడ్డ భర్తను చూసింది. సంచీ కింద పెట్టింది. కనుబొమ్మ లేచింది. చన్నీళ్ళ బకెట్టు తెచ్చి తండ్రికి ఇచ్చింది.

గంటన్నర తరవాత మిషను తలుపు తెరిస్తే ఆవిరి లేచింది. గ్లాసులు మెరుస్తున్నాయి. గుడ్ల ప్లేట్ల మీద మాత్రం పసుపుపచ్చని దీవులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా ఇదివరకు లేని నునుపు వచ్చింది వాటికి. పింగాణీతో పాటు కొలిమిలో కాల్చినట్టున్నాయి.

ఆవిడ ఒక ప్లేటు దీపానికి ఎత్తి పట్టుకుంది. గోటితో గీకి చూసింది.

"దీనికి డ్రిల్లింగ్ చెయ్యాలి," అంది.

"మొదటి రోజు కదా. అలవాటు పడాలి."

"ఎవరు, గుడ్డా?"

"మిషను!"

"రేపు మేస్త్రిని పిలిచి చన్నీళ్ళకి మార్పించండి."

ఆ క్షణంలో సరేనని ఉంటే ఈ కథ లేదు. కాని మావగారు తడి తలతో కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. సాక్షి ఉన్న ఓటమికి బరువెక్కువ.

"పదిహేను రోజులు," అన్నాడు ఎర్రపెన్సిల్. "పదిహేను రోజులు వేడినీళ్ళకే ఉంచుదాం. ఈలోగా గిన్నెలు తళతళలాడితే నలుగురి ముందూ 'మీరు చెప్పిందే రైటండీ' అనాలి. అంటావా?"

"అంటాను. తళతళలాడకపోతే?"

"మిషను వెనక్కి ఇచ్చేస్తా. బతికినన్నాళ్ళూ గిన్నెలు నేనే తోముతా. నోరెత్తకుండా తోముతా."

"నోరెత్తకుండానా?" ఆవిడ మొదటిసారి ఆసక్తిగా చూసింది. "సరే, పందెం."

ఆ మాట రాత్రి పక్కమీద కూడా ఆయనను వదల్లేదు. ఒక పక్క పద్నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న వాక్యం. ఇంకో పక్క బతుకంతా సింకు. మధ్యలో తను, ఒక ఎర్ర టేపు.

*

మర్నాడే పరిపాలనా సంస్కరణలు మొదలయ్యాయి. మావగారి స్నానం ఆరూ ముప్పై రెండు నుంచి అయిదూ యాభై ఎనిమిదికి మారింది. ఆ సంగతి ఎర్రపెన్సిల్ తెల్లకాగితం మీద రాసి స్నానాలగది తలుపుకి అంటించాడు. మావగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, "బండ్ల రాకపోకల్లో మార్పు వస్తే ప్రయాణికులకి ముందు తెలియజెయ్యాలి," అన్నాడు గాని కాదనలేదు. టైంటేబులు కాగితం మీద ఉంటే చాలు, ఆయన దేనికైనా లొంగిపోతాడు.

మూడో రోజు ఎర్రపెన్సిల్ ఆఫీసు నుంచి వచ్చేసరికి వాషర్ మేస్త్రి గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఎదురయ్యాడు.

"ఏమిటి మేస్త్రీ?"

"సింకు కింద కారుతోందంటే వచ్చానండి. వాషర్ పోయింది. మార్చేశాను."

ఎర్రపెన్సిల్ గబగబా వెళ్ళి ఒంగి చూశాడు. మిషను గొట్టం ఉంది. అది కలిసిన చోట ఎర్ర టేపు మూడు చుట్లూ ఉన్నాయి. ఎరుపు ఉన్నచోట తప్పు ఉండదు, ఉన్నా దిద్దేసినట్టే లెక్క. ఇరవై రెండేళ్ళ నమ్మకం. నిశ్చింతగా లేచాడు.

"అది సరేగాని అల్లుడుగారూ," అన్నాడు మావగారు ఆ సాయంత్రం, నడుం వంచి మిషను గొట్టాన్ని పట్టుకుని. "వేడినీళ్ళ గొట్టమన్నారు, ఇది చల్లగా ఉందేమిటి?"

ఎర్రపెన్సిల్ గుండె ఝల్లుమంది. కాని పుస్తకాలతో బతికే మనిషికి గుండె ఝల్లుమన్న ప్రతిసారీ ఒక సిద్ధాంతం పుడుతుంది.

"అదీ సంగతి!" అన్నాడు. "గీజరెక్కడో వెనక ఉంది. మిషనేమో ఇక్కడ. గొట్టంలో నిలవున్న నీళ్ళు చల్లారిపోయి ఉంటాయి. మిషను ముందు ఆ చల్లారినవే తాగుతోంది. అసలు వేడి వచ్చేసరికి దాని కడుపు నిండిపోతోంది. అందుకే గుడ్డు వదల్లేదు."

"మరేం చేస్తారు?"

"మిషను నీళ్ళు తీసుకునే ముందు సింకు కుళాయి వదిలి, చల్లారిన నీళ్ళు పారబోసి, వేడిని గుమ్మం దాకా తెచ్చి నిలబెడతా."

మావగారు కూతురి వైపు చూశాడు. కూతురు స్టవ్ వైపు చూసింది. స్టవ్ మీద చూడవలసినదేమీ లేదు.

మిషను గంటన్నరలో నాలుగుసార్లు నీళ్ళు తీసుకునేది. తీసుకునే ముందు టక్కుమనేది. ఆ టక్కుకి ఒక్క నిమిషం ముందు కుళాయి తిప్పాలి. రెండు రోజుల్లో ఎర్రపెన్సిల్‌కు ఆ నిమిషం ఒంటికి పట్టేసింది. పేపరు చదువుతున్నా, ఫోనులో మాట్లాడుతున్నా, చెయ్యి దానంతట అది లేచి వెళ్ళి కుళాయి తిప్పేది.

అయితే కుళాయి తిప్పి ఊరికే నిలబడటం మహా కష్టం. కళ్ళముందే నీళ్ళు వృథాగా పోతుంటే పాపం చేస్తున్నట్టుండేది. అయిదో రోజు ఆ ధార కింద ఒక ప్లేటు పెట్టాడు. తోమడానికి కాదు. ఊరికే నీళ్ళు ఒక ఉపయోగానికి వస్తాయని. ప్లేటు మీది మెతుకులు జారిపోయాయి. ఏడో రోజు వేలితో కాస్త రాశాడు. ఎనిమిదో రోజు పక్కనే ఉన్న పీచు చేతికి తగిలింది. పీచు పక్కనే సబ్బు ఉంది. వేడినీళ్ళు, పీచు, సబ్బు, మురికి ప్లేటు ఒకచోట చేరితే మనిషన్నవాడు ఎంతసేపని చేతులు కట్టుకుంటాడు?

పదో రోజుకి పద్ధతి స్థిరపడింది. మొదటి టక్కుకి ముందే ప్లేట్లూ గ్లాసులూ వేడినీళ్ళలో తోమి, జాడించి, మిషనులో సర్దేవాడు. రెండో టక్కుకి పాలగిన్నె. మూడోదానికి మిషనులో పట్టని పెద్ద గిన్నెలు. నాలుగోదానికి స్టవ్ పళ్ళెం. ఆ తరవాత ఇంకా వేడినీళ్ళు వస్తుంటే సింకు.

మిషను మెరిసే గిన్నెల్ని తీసుకుని, మెరిసే గిన్నెల్ని తిరిగి ఇచ్చేది.

ఇందులో ఏదో తిరకాసుందని ఆయన మనసులో ఒక మూల తెలుస్తూనే ఉంది. మనసుకి అలాంటి మూలలు చాలా ఉంటాయి. వాటి వైపు దీపం తిప్పకుండా ఏళ్ళ తరబడి కాపురం చెయ్యవచ్చు. ఉదాహరణకి, మావగారు పట్టుకుని చూసిన ఆ గొట్టాన్ని ఎర్రపెన్సిల్ ఆ తరవాత ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ముట్టుకుంటే తెలిసిపోతుంది. అందుకని ముట్టుకోలేదు. దీన్ని ఆయన ప్రయోగంలో జోక్యం చేసుకోకపోవడం అనుకున్నాడు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆయన ఈల వేస్తున్నాడు. చేతుల మీద వేడినీళ్ళు పడుతూ ఉంటే, ఆఫీసులో కళ్ళు పొడుచుకున్న అక్షరాలన్నీ వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నట్టుండేది. పీచు కింద మరక వదిలే ఆ చిన్న జారుడు ఉందే, అది ప్రూఫు దిద్దిన సుఖం కన్నా గొప్పది. దిద్దిన తప్పు అచ్చులో మళ్ళీ రావచ్చు. ఇది రాదు.

"ఈమధ్య సాయంత్రానికి ప్లేట్లు తక్కువ పడుతున్నాయేమిటోయ్?" అన్నాడొకరోజు.

"పొదుపుగా వాడుతున్నాం," అంది ఆవిడ.

తన శ్రమ చూసి ఇల్లు బాగుపడుతోందని ఆయన పొంగిపోయాడు.

రోజూ ఆవిడ ఒక ప్లేటు ఎత్తి దీపానికి పట్టి చూసేది. వేలు లేచేది. ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో తిరిగి కిందికి దిగేది. తరవాత కింది పెదవి కొరుక్కుంటూ అవతలికి వెళ్ళిపోయేది. ఓటమి బాధ అలాగే ఉంటుందని ఎర్రపెన్సిల్‌కు అనుభవం. జాలేసింది కూడా. అయినా పందెం పందెమే.

*

పదిహేనో రోజు ఆదివారం. ఆవిడకి సెలవు. నలుగురి ముందూ అనాలన్నది పందెం గనక నాలుగో మనిషిగా వాషర్ మేస్త్రిని టీకి పిలిచాడు ఎర్రపెన్సిల్. ఎటూ మొదటిరోజు 'మీ ఇష్టమండి' అన్నది అతనే.

ఆ వాక్యాన్ని ముందుగానే ఒక కాగితం మీద రాసుకున్నాడు. చివర ఆశ్చర్యార్థకం పెట్టాలా, చుక్క సరిపోతుందా అని రెండు రోజులు మథనపడి, చుక్క చాలనుకున్నాడు. గెలిచినవాడు హుందాగా ఉండాలి.

మధ్యాహ్నం మూడు గంటలకి ఒక విడత గిన్నెలు బయటికి తీసి బల్ల మీద పరిచాడు. మిగిలినవి పెట్టి మిషను మళ్ళీ తిప్పాడు. ఆవిడ ప్లేట్లు ఒక్కొక్కటే కిటికీకి ఎత్తి చూసింది. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మేస్త్రి టీ ఊదుకుంటూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఒక్క మరక లేదు," అంది ఆవిడ.

"అయితే?"

"అయితే ఏమిటి?"

"వాక్యం!" కాగితం చాపాడు.

"అంటాను. మాట తప్పను. ముందు ఒక్కటి చెప్పండి. ఇది వేడినీళ్ళకే ఉందని మీకు గట్టి నమ్మకమేనా?"

"నా చేతులతో ఎర్ర టేపు చుట్టాను!"

మావగారు దగ్గాడు. మేస్త్రి టీ కప్పు కింద పెట్టాడు. పాపం, నిజాయితీపరుడు. కడుపులో మాట దాచుకుంటే అతనికి కారిపోతుంది.

"సారూ... ఆ టేపు నేను మార్చానుగదండీ."

"ఏ టేపు?"

"అదేనండి, ఎర్రది. ఆ మూడో రోజు అమ్మగారు పిలిచి చన్నీళ్ళకి మార్చమన్నారు. మార్చాను. టేపు కూడా ఇటునించి విప్పి అటు చుట్టమన్నారు. చుట్టాను. మూడు చుట్లే చుట్టానండి, లెక్క తప్పలేదు."

"వాషర్ పోయిందన్నావు!"

"వాషర్ కూడా పోయిందండి."

ఎర్రపెన్సిల్ మెల్లిగా ఒంగాడు. పన్నెండు రోజులుగా ముట్టుకోని గొట్టాన్ని ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. పన్నెండు రోజులుగా అలాగే ఉండి ఉంటుంది, ఎవరైనా ముట్టుకుంటారేమోనని ఎదురుచూస్తూ.

"అంటే," అన్నాడు సింకు కింద నుంచే, "నేను రోజూ నాలుగుసార్లు వేడినీళ్ళు పారించింది..."

"గిన్నెలకి," అంది ఆవిడ. "మిషనుకి కాదు."

"నేను తోమాను కాబట్టి మెరిశాయి. తోమకపోతే చన్నీళ్ళతో మెరిసేవా?" ఎక్కడో ఒక కొస దొరికినట్టు తల బయటికి పెట్టాడు.

ఈసారి మావగారు గొంతు సవరించుకున్నాడు. "మీరు ఆఫీసుకి వెళ్ళాక పొద్దుటి ప్లేట్లు నేనే మిషనులో పెట్టి నడుపుతున్నానండీ, అల్లుడుగారూ. గుడ్డు అంటుకున్నవి అంటుకున్నట్టే. తొమ్మిదీ పదికి బయలుదేరితే పదీ నలభైకి అద్దాల్లా వస్తున్నాయి. ఒక్కరోజు కూడా లేటు లేదు."

సాయంత్రానికి ప్లేట్లు ఎందుకు తగ్గాయో ఎర్రపెన్సిల్‌కు అప్పుడర్థమైంది.

"మరి ఆ రోజు గొట్టం చల్లగా ఉందని మీరే అన్నారు?"

"మీరు కనిపెట్టేస్తారనుకున్నానండీ. అవకాశం ఇచ్చాను," అన్నాడు పెద్దాయన. "మీరేమో సిద్ధాంతం కనిపెట్టారు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు భార్యతో. గొంతులో కోపం పలకాలనుకున్నాడు. పలికింది మాత్రం చిన్నపిల్లాడి ఫిర్యాదు.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది: "వారం రోజులు చూసి చెప్పేద్దామనే అనుకున్నాను. చెప్పడానికని వంటింట్లోకి వస్తే మీరు ఈల వేసుకుంటూ పాలగిన్నె అడుగు తోముతున్నారు. అడుగు! పద్నాలుగేళ్ళలో మీరు ఏ గిన్నెకీ అడుగుంటుందని గమనించలేదు. నోరు మూసుకుని వెనక్కి వెళ్ళిపోయాను. ఆ మాట చెబితే గిన్నెలూ ఆగిపోతాయి, ఈలా ఆగిపోతుంది."

"పెదవి కొరుక్కున్నావు రోజూ. బాధపడుతున్నావనుకున్నా."

"నవ్వాపుకోవడం కన్నా బాధేముంటుందండీ?"

వాషర్ మేస్త్రి గోడ వైపు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఇంతకీ పందెం ఎవరిదండీ, మావయ్యగారూ?" అన్నాడు ఎర్రపెన్సిల్, ఆఖరి అర్జీలాగా.

మావగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "గిన్నెలు మెరిశాయి కాబట్టి మీరు గెలిచారు. మిషను నడిచింది చన్నీళ్ళ మీద కాబట్టి అమ్మాయి గెలిచింది. ఒకే లైను మీదికి ఎదురెదురుగా రెండు బళ్ళు వచ్చాయి."

"అలా వస్తే?"

"ఎవరో ఒకరు వెనక్కి నడపాలి."

ముగ్గురూ ఎర్రపెన్సిల్ వైపు చూశారు.

"ఆగండి నాన్నా," అంది ఆవిడ. "నేను మాటిచ్చాను." ఆయన చేతిలోని కాగితం తీసుకుంది. చూసింది. మడిచి ఆయన జేబులోనే పెట్టేసింది. చూడకుండానే, నలుగురికీ వినపడేట్టు, ఒక్క అక్షరం మింగకుండా అంది: "మీరు చెప్పిందే రైటండీ. వేడినీళ్ళతో తోమితేనే మన ఇంట్లో గిన్నెలు తళతళలాడాయి."

చివర చుక్కే ఉంది. ఆశ్చర్యార్థకం లేదు.

ఎర్రపెన్సిల్ సిగ్గుపడవలసిన సమయం అది. సిగ్గు కోసం లోపల వెతికాడు. దొరికింది కూడా, చెవుల దాకా పాకింది. కాని దాని వెనకాలే ఇంకేదో తోసుకుంటూ వస్తోంది. ఎంత ఆపుకున్నా ఆగనిది. పద్నాలుగేళ్ళుగా కోరుకున్న వాక్యం కొంచెం వంకరగా వచ్చినా అదే వాక్యం. వానా లేదు, నిద్రా లేదు. ఎదురుగా ఉన్నది తనే.

అంతలో మిషను గంటన్నరలో రెండోసారి నీళ్ళు తీసుకునే వేళయింది. ఇంకా టక్కుమనలేదు. ఒక నిమిషం ఉంది.

ఎర్రపెన్సిల్ చెయ్యి దానంతట అది లేచి వెళ్ళి వేడినీళ్ళ కుళాయి తిప్పింది.

ఆయన తన చేతి వైపు చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు. కుళాయి కట్టేద్దామనుకున్నాడు. ఈలోగా ఆవిడ నాలుగు టీ కప్పులూ పళ్ళెంలో పెట్టి, ఏమీ ఎరగనట్టు సింకులోకి జరిపింది.

మేస్త్రి కప్పు అడుగున పంచదార కరగకుండా గట్టిపడి ఉంది. ఎర్రపెన్సిల్ దాన్ని ధార కింద పట్టాడు. చూస్తూ ఉండగానే కరిగిపోయింది.

"చూశావా?" అన్నాడు వెనక్కి తిరగకుండా. "దీనికి మాత్రం వేడినీళ్ళే కావాలి."

"అవునండీ," అంది ఆవిడ. "ఆ రెండో కప్పు అడుగున కూడా. ఇక్కడ."